గౌడీ అప్పగించిన ఛార్జి

పదవీ విరమణ రోజున మనమందరం ఛార్జి అప్పగించి వచ్చినవాళ్ళమే. ఫైళ్ళు, రిజిస్టర్లు, బీరువా తాళాలు అన్నింటికీ జాబితా రాసి సంతకాలు పెట్టాం. అయితే మన తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నవారికి నిజంగా అక్కరకు వచ్చినవి ఆ కాగితాలేనా, లేక మనం పనిచేసిన పద్ధతా? ఈ ప్రశ్నకు స్పెయిన్ దేశంలోని బార్సిలోనా నగరంలో ఉన్న ఒక చర్చి జవాబు చెబుతుంది. దాని పేరు సగ్రాదా ఫమీలియా, అనగా పవిత్ర కుటుంబం.

ఈ చర్చికి 1882 మార్చి 19న శంకుస్థాపన జరిగింది. మొదటి వాస్తుశిల్పి ఏడాది తిరిగేసరికి తప్పుకోగా, 1883లో ఆంటోనీ గౌడీ ఆ బాధ్యత స్వీకరించారు. అప్పటికి ఆయన వయస్సు 31 సంవత్సరాలు. తరువాతి 43 సంవత్సరాలూ ఆయన ఆ పనిలోనే ఉన్నారు. చివరి పన్నెండేళ్ళు మరో పని ముట్టలేదు. 1926 జూన్ 7న ఆయనను ట్రామ్ బండి ఢీకొట్టింది. మాసిన బట్టలు చూసి ఎవరో బిచ్చగాడనుకుని పేదల ఆసుపత్రిలో చేర్చారు. మూడు రోజుల తరువాత, 73 ఏళ్ళ వయస్సులో, కన్నుమూశారు. అనుకున్న శిఖరాలు 18. ఆయన కళ్ళారా పూర్తిగా చూసుకున్నది ఒక్కటే.

తన జీవితకాలంలో ఇది పూర్తికాదని గౌడీకి ముందే తెలుసు. అందుకే రాబోయేవారి కోసం కాగితం మీది ప్లాన్లతో సరిపెట్టకుండా ప్లాస్టర్‌తో పెద్ద పెద్ద నమూనాలు చేయించారు. అసలు కొలతలో పదో వంతు, ఇరవై అయిదో వంతు నమూనాలవి. కానీ విధి వేరుగా ఉంది. 1936 జూలైలో స్పెయిన్‌లో అంతర్యుద్ధం మొదలైనప్పుడు అల్లరిమూకలు ఆ కార్యశాలలో జొరబడి ప్లాన్లను తగులబెట్టాయి, నమూనాలను పగులగొట్టాయి. ఛార్జి జాబితా మొత్తం బూడిదైపోయింది. శిష్యులు వేలాది ప్లాస్టర్ ముక్కలను ఏరి భద్రపరిచారు.

ముక్కలతో భవనం కట్టడం సాధ్యమా? ఇక్కడే గౌడీ ముందుచూపు తెలుస్తుంది. ఆయన తన చివరి సంవత్సరాలలో చేతికి తోచిన వంపులు విడిచి, లెక్కకు లొంగే వంపులను ఎంచుకున్నారు. పిడికెడు చీపురుపుల్లలను వదులుగా నిలబెట్టి, పైనా కిందా పట్టుకుని మెలితిప్పి చూడండి. మధ్యలో నడుములా సన్నబడుతుంది. చూడటానికి వంపే గాని అందులోని ప్రతి పుల్లా తిన్ననిదే. నాలుగు కాళ్ళూ ఒక మట్టంలో లేని నులకమంచం కూడా అంతే. నులక తిన్నగానే సాగుతుంది, మంచం మాత్రం వంపు తిరుగుతుంది. చర్చి కిటికీలకు, పైకప్పు గుమ్మటాలకు గౌడీ ఇటువంటి రూపాలనే వాడారు. వీటిలో రెండు లాభాలున్నాయి. తాపీ మేస్త్రీ దారాలు కట్టి, కర్రలు వేసి కట్టుకోవచ్చు. రెండవది, రూపం ఒక సూత్రానికి లోబడి ఉంటుంది గనుక, చిన్న ముక్క దొరికినా మిగతా భాగం ఎలా ఉండాలో లెక్కకట్టవచ్చు.

అయితే ఆ లెక్క సులభం కాదు. 1979లో న్యూజిలాండ్ నుంచి వచ్చిన మార్క్ బరీ అనే యువకుడు ఈ పనిలో చేరారు. మెలితిరిగిన ఒక రూపం మరో రూపాన్ని కోసుకుంటూ పోయినప్పుడు ఆ అంచు ఎక్కడ పడుతుందో డ్రాయింగ్ బోర్డు మీద కనుక్కోవాలి. ఒక్కొక్క రూపానికి తొమ్మిది సంఖ్యలు కావాలి. అది ఎక్కడ ఉందో చెప్పడానికి మూడు, ఏ వైపు తిరిగిందో చెప్పడానికి మూడు, ఎంత లావో ఎంత వంపో చెప్పడానికి మూడు. అందులో ఒక్కటి మారినా అన్ని అంచులూ మారిపోతాయి. గీసిన బొమ్మ చెరిపి మళ్ళీ గీయవలసిందే. టీ-స్క్వేరు పట్టిన మిత్రులకు ఆ బాధ చెప్పనక్కరలేదు.

1989 ప్రాంతంలో వారి దృష్టి కంప్యూటర్ మీదకు మళ్ళింది. ఆ రోజుల్లో భవనాల కోసం దొరికిన సాఫ్ట్‌వేర్ చాలావరకు పెన్సిలుకు బదులు పనిచేసేదే గాని, ఇంతటి వంపులను మోయలేకపోయింది. అందువల్ల 1990 దశకం ఆరంభంలో విమానాల రూపకల్పనకు వాడే క్యాడ్స్-5 అనే సాఫ్ట్‌వేర్‌ను తెచ్చుకున్నారు. చర్చి కట్టడానికి విమానాల పనిముట్టు! దాని ప్రత్యేకత ఏమంటే, అది గీతను కాక, గీతల మధ్య సంబంధాన్ని గుర్తుంచుకుంటుంది. తొమ్మిది సంఖ్యలలో ఒకటి మార్చితే దానిని ఆనుకుని ఉన్న అంచులన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి. ప్లాస్టర్ ముక్కల కొలతలు తీసుకోవడం, సంఖ్యలు ఊహించి రూపం కట్టడం, ముక్కతో సరిపోల్చడం, తేడా ఉంటే సంఖ్య మార్చడం, ఇలా సాగింది పని. సరిపోయిన రూపం లెక్కలు రాళ్ళు కోసే యంత్రాలకు వెళ్ళేవి.

ఇదంతా అందరికీ నచ్చలేదు. 1965లోనే లె కార్బూజియే వంటి ప్రసిద్ధ వాస్తుశిల్పులు, గౌడీ లేని గౌడీ కట్టడం వద్దంటూ పత్రికలో బహిరంగ లేఖ ప్రకటించారు. ఆ అభ్యంతరాన్ని పూర్తిగా కొట్టివేయలేం. ముక్కలు మిగిలిన చోట లెక్క సాక్ష్యం చెబుతుంది. మిగలని చోట వారసుల వివేకమే శరణ్యం. కంప్యూటర్ కొలత చెప్పగలదే గాని, ఏది గౌడీ మనసుకు దగ్గరో చెప్పలేదు. అందుకే అక్కడ కంప్యూటర్లు వచ్చాక కూడా ప్లాస్టర్ కార్యశాల మూతపడలేదు. తెర మీద కుదిరిన దానిని చేత్తో తాకి చూసుకునే అలవాటు వారు వదులుకోలేదు.

చెట్లకొమ్మల్లా చీలిన స్తంభాల మీద లోపలి పైకప్పు సిద్ధమయ్యాక, 2010 నవంబరు 7న పోప్ పదహారవ బెనెడిక్ట్ ఆ చర్చిని ప్రతిష్ఠించారు. 2025 అక్టోబరులో దాని మధ్య శిఖరం జర్మనీలోని ఉల్మ్ చర్చి ఎత్తును దాటి, ప్రపంచంలోకెల్లా ఎత్తయిన చర్చిగా నిలిచింది. ఆ శిఖరానికి గౌడీ అనుకున్న ఎత్తు 172.5 మీటర్లు. పక్కనున్న మోంజుయిక్ కొండను మించకూడదని, దేవుడు చేసిన దానికంటె మనిషి చేసినది ఎత్తుగా ఉండరాదని ఆయన నియమం పెట్టుకున్నారు.

కాగితాలు కాలిపోయాయి, నమూనాలు పగిలిపోయాయి. మిగిలినది పద్ధతి ఒక్కటే. ఆ పద్ధతి సక్రమమైనది గనుకనే, కంప్యూటర్ అనే మాట కూడా ఎరుగని మనిషి పనిని, ఆయన పోయిన అరవై ఏళ్ళకు కంప్యూటర్ అందుకోగలిగింది. మన ఇళ్ళలోని పిల్లలు తెర ముందు కూర్చుని పనిచేస్తుంటే, మన కాలపు పని వారికెందుకు అనిపిస్తుంది. కాని పని ఎలా చేశామో, ఎందుకు అలా చేశామో వారికి చెప్పవచ్చు. మనం సంతకం పెట్టిన జాబితాలో ఆ పద్దు లేదు. ఆ ఛార్జి అప్పగించడానికి పదవీ విరమణ తేదీ అడ్డు కాదు.