ఆరిన దీపంలో కరెంటు

కింద స్విచ్ వేసి మెట్లెక్కడం, పైకెళ్లాక ఇంకో స్విచ్‌తో అదే లైటు ఆర్పేయడం డూప్లెక్స్ ఇళ్లలో రోజూ జరిగేదే. ఈ టూ-వే సౌకర్యం కరెంటు ఇళ్లలోకి వచ్చిన తొలినాళ్ల నుంచీ ఉంది. దాన్ని ఎలా కలపాలన్న దగ్గరే అమెరికా తప్పుదారి పట్టింది. తేరుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

తొలినాళ్లలో అక్కడ ‘కార్టర్ పద్ధతి’ వాడుకలోకి వచ్చింది. అప్పట్లో వైర్లు పైపుల్లో కాక, పింగాణీ గుబ్బల మీదుగా దూలాల మధ్య విడివిడిగా నడిచేవి. ఫేజు, న్యూట్రల్ రెండూ ఎక్కడికక్కడ చేతికందేవి. అందుకే ప్రతి స్విచ్‌కీ ఆ రెండూ ఇచ్చేసి, ఒక్కోదాన్నుంచి ఒక్క వైరు బల్బు హోల్డరుకు లాగేవారు. ఒక స్విచ్ ఫేజు మీద, రెండోది న్యూట్రల్ మీద ఉంటే లైటు వెలిగేది. రెండూ ఒకే వైపు ఉంటే ఆరేది. వైరు కలిసొచ్చేది, ఇంటివాళ్లకు తేడా తెలిసేది కాదు.

తేడా అంతా ఆరిన బల్బు దగ్గరే. రెండు స్విచ్‌లూ న్యూట్రల్ మీదున్నా లైటు వెలగదు, రెండూ ఫేజు మీదున్నా వెలగదు. కాకపోతే ఫేజు మీదున్నప్పుడు హోల్డరు నిండా కరెంటే. అమెరికా బల్బులేమో మర తిప్పి బిగించేవి. మాడిన బల్బు విప్పుతూ కింది ఇత్తడి భాగానికి వేలు తగిలిందా, షాకే. పైగా ఒకే స్విచ్‌లో ఫేజు, న్యూట్రల్ పక్కపక్కన ఉండటంతో, తిప్పేటప్పుడు లేచే నిప్పురవ్వ రెంటినీ కలిపితే షార్ట్ సర్క్యూట్. 1923లో అక్కడి వైరింగ్ నియమావళి ‘నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్’ ఈ పద్ధతిని నిషేధించింది.

సరైన దారిలో ఫేజు మొదటి స్విచ్ కామన్ టెర్మినల్‌లోకి వెళ్తుంది. అక్కణ్నుంచి రెండు వైర్లు రెండో స్విచ్‌కి, దాని కామన్ నుంచి బల్బుకు. న్యూట్రల్ ఏ స్విచ్ జోలికీ పోకుండా నేరుగా హోల్డరుకే చేరాలి. మూడోచోట కూడా స్విచ్ కావాలంటే, మధ్యలో ఆ రెండు వైర్లను అటూ ఇటూ మార్చే ఇంటర్మీడియట్ స్విచ్ పెడతారు. న్యూట్రల్‌ను మాత్రమే తెంచే స్విచ్ కూడదని మన 1956 నాటి విద్యుత్ నిబంధనల్లోని 32వ నిబంధన కూడా చెప్పింది.

అయినా ఆ పాత అడ్డదారి ఇప్పటికీ ఎలక్ట్రీషియన్లను ఊరిస్తుంది. పై బోర్డులోనూ కింది బోర్డులోనూ ఫేజు, న్యూట్రల్ సిద్ధంగా ఉంటాయి మరి. లైటు వెలుగుతోంది కదా అని మనమూ డబ్బులిచ్చి పంపేస్తాం. అంతకుముందే బల్బు తీయించి, హోల్డరు రెండు పిన్నుల మీదా టెస్టర్ పెట్టి చూపించమని ఎలక్ట్రీషియన్‌ను అడగాలి. లైటు ఆరే తీరులు రెండు కాబట్టి రెంటిలోనూ చూడాలి. ఏ ఒక్కసారి టెస్టర్ నిండుగా వెలిగినా ఆ వైరింగ్ విప్పించాల్సిందే. టూ-వే స్విచ్ పైకుందా, కిందికుందా అన్నదాన్ని బట్టి ఏదీ తేల్చలేం కనుక, బల్బు మార్చాలంటే ముందు ఎంసీబీ దించాలి.