కీఫ్రేమ్ కథ: చేతి గీత నుంచి కంప్యూటర్ దాకా

పోయిన ఏడాది మా పాఠశాల వార్షికోత్సవానికి నేనొక చిన్న వీడియో తయారు చేశాను. అందులో మా అవ్వ విసుర్రాయి ముందు కూర్చొని రాగులు విసురుతూ పాట పాడుతుంది. ఆ పాట మెల్లగా తగ్గుతుంటే మా తరగతి పిల్లల పాట మెల్లగా పెరగాలి. ముందుగా ఇంట్లో చూపిస్తే అవ్వ అడిగింది: "పాట చివర నా గొంతు యాడికి పోయెరా?"

నిజమే. రెండు పాటలు కలిసే చోట గుంతలో పడినట్టు శబ్దం తగ్గిపోయింది. అవ్వ పాడిన చివరి మాట వినబడలేదు. ఆ పాట మా ఇంట్లో ఇప్పుడు అవ్వ ఒక్కదానికే వచ్చు. అందుకే ఈ పని ఎలా పుట్టిందో తెలుసుకోవాలని చదివాను.

ఫేడ్ అంటే మెల్లగా కనుమరుగు కావడం. ఇది కంప్యూటర్ కంటే చాలా పాతది. 1899లో ఫ్రాన్స్ దేశస్థుడు జార్జ్ మెలియెస్ తన 'సిండరెల్లా' చిత్రంలో ఒక దృశ్యం కరిగి ఇంకో దృశ్యం వచ్చేలా చూపించాడు. ఆ రోజుల్లో ఇందుకోసం కెమెరా కన్నును మెల్లగా మూసి, ఫిల్మును వెనక్కి తిప్పి, మళ్ళీ మెల్లగా తెరుస్తూ దాని మీదే రెండో దృశ్యం తీసేవారు. సంగీతంలో కూడా ఇలాంటిది ఉంది. ఇంగ్లండుకు చెందిన గుస్తావ్ హోల్స్ట్ రచన 'ది ప్లానెట్స్'ను 1918లో మొదటిసారి వాయించారు. దాని చివర స్త్రీల బృందం పక్క గదిలో పాడుతుంటే తలుపు మెల్లగా మూయాలి. పాట దూరమైపోయినట్టు ఉంటుంది.

ఇక కీఫ్రేమ్ సంగతి. 1937లో వచ్చిన డిస్నీ 'స్నోవైట్' లాంటి బొమ్మల సినిమాల్లో పెద్ద చిత్రకారులు ఒక కదలికలో ముఖ్యమైన బొమ్మలు మాత్రమే గీసేవారు. మధ్య బొమ్మలన్నీ సహాయకులు గీసేవారు. సినిమాలో సెకనుకు 24 చిత్రాలు కావాలి కదా, ఎంత శ్రమో ఆలోచించండి! తర్వాత కెనడాలో నెస్టర్ బర్ట్‌నిక్, మార్సెలీ వీన్ అనే శాస్త్రవేత్తలు ఆ మధ్య బొమ్మల పనిని కంప్యూటర్‌కు నేర్పారు. వాళ్ళ పద్ధతితో పీటర్ ఫోల్డెస్ తీసిన 'ఆకలి' అనే చిత్రం 1974లో వచ్చింది.

ఇప్పుడు మనం ఒక గుర్తు దగ్గర 100, నాలుగు సెకన్ల తర్వాత ఇంకో గుర్తు దగ్గర 0 అని పెడితే చాలు. సెకనుకు 25 చొప్పున 100 చిత్రాలను కంప్యూటరే లెక్కగడుతుంది. ఆ రెండు గుర్తులే కీఫ్రేములు. వాటి మధ్య దారి నేరుగా ఉండాలా, వంపుగా ఉండాలా అనేది మనం చెప్పాలి. ఈ వంపు గీతల లెక్కను 1960 ప్రాంతంలో ఫ్రాన్స్ కార్ల కంపెనీల్లో పనిచేసిన కాస్టెల్జో, బెజియే విడివిడిగా కనిపెట్టారు. కారు ఒంటికి నున్నటి వంపు కోసం పుట్టిన లెక్క మన వీడియోలోకి వచ్చింది!

నా తప్పు ఏమిటో లెక్కల మాస్టారు చెప్పారు. నేను నేరు గీత పెట్టాను. సగం దారిలో రెండు పాటలూ 0.5 దగ్గర ఉంటాయి. శబ్దశక్తి దాని వర్గాన్ని బట్టి ఉంటుంది. 0.25, 0.25 కలిపితే 0.5, అంటే సగమే. ఒకదానికి సైన్, ఇంకోదానికి కొసైన్ వంపు పెడితే మధ్యలో రెండూ సుమారు 0.7 ఉంటాయి. వర్గాలు కలిపితే 1. మేము పదో తరగతిలో బట్టీ పట్టిన సూత్రమే అది!

వంపు మార్చాను. గుంత పోయింది. కానీ అవ్వ చివరి మాట ఇంకా సన్నగానే ఉంది. అప్పుడు తెలిసింది, నేను మొదటి గుర్తునే తొందరపడి పెట్టానని. ఆమె పాట పూర్తయ్యాక గుర్తు పెట్టాను. మాట స్పష్టంగా వినిపించింది.

మధ్యలో దారిని యంత్రం నింపుతుంది. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎవరి మాట పూర్తిగా వినాలో మాత్రం మనిషే చెప్పాలి. మీ ఇంట్లో కూడా అవ్వ, తాత పాడే పాటలుంటే ఇప్పుడే రికార్డు చేయండి. వాళ్ళు ముగించేదాకా ఆగండి.