పట్వారీ దస్తరము నుండి ధరణి తెర వరకు

నర్మెట్ట వంటి గ్రామములలో భూమికి రెండు రూపములుండెడివి. ఒకటి చెలకలో, రెండవది పట్వారీ దస్తరములో. నైజాము కాలమున రెండవదే బలవత్తరము. దున్నినవాని చెమట కాగితముపై ఇంకదు గదా! 1946 జూలై 4న నాటి జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన పిమ్మట చెలరేగిన రైతాంగ పోరాటమున అప్పుపత్రములు అగ్నికాహుతియగుటకు కారణమిదియే.

అయినను పహాణీలో పట్టాదారు గడి ప్రక్కన అనుభవదారు గడి యొకటి ఉండెడిది. పట్టా ఎవరిదైనను, సాగు ఎవరిదో అది చెప్పెడిది. కౌలుదారునకును, సాదాబైనామాపై కొన్నవానికిని అదియే ఊతము.

1984లో పట్వారీ పోయెను. 2017లో భూరికార్డుల ప్రక్షాళన జరిగెను. 2020 అక్టోబరు 29న ధరణి అను కంప్యూటరు వ్యవస్థ ప్రారంభమాయెను. నర్మెట్ట తహసీలుదారుడును రిజిస్ట్రారు అధికారము పొందెను. రిజిస్ట్రేషను, పేరుమార్పిడి ఒకే పూట ముగియసాగెను. దీనిని మేము చిన్న మేలని తలపము. తెరపై పేరున్నవానికి 2018లో మొదలైన రైతుబంధు సొమ్ము నేరుగా బ్యాంకులో పడెను, రైతుబీమా వర్తించెను.

కాని ఆ తెరపై అనుభవదారు గడి లేకపోయెను. కౌలురైతు ప్రభుత్వమునకు కనబడని వాడయ్యెను. సర్వే నంబరొకటి పొరపాటున నిషేధిత జాబితాలో చేరినచో, సొంత భూమియైనను అమ్మవీలులేదు. పట్వారీతోనైన వాదింపవచ్చును, తెరతో వాదించుటెట్లు? ఆ చట్టమున అప్పీలునకు తావే లేదు.

2025 ఏప్రిల్ 14న అమలులోనికి వచ్చిన భూభారతి చట్టము ఆ లోపమును గుర్తించినది. తహసీలుదారుని ఉత్తరువుపై ఆర్డీవోకు, అటుపై కలెక్టరుకు అప్పీలు చేసికొనవచ్చును. 2020లో దాఖలై నిలిచిపోయిన సాదాబైనామా దరఖాస్తులకును అందు దారి చూపబడినది.