ఆటగాని జాతకము

పువ్వు పుట్టగానే పరిమళించునని మన పెద్దల మాట. బిడ్డ నడక చూచి భవిష్యత్తు చెప్పువారు ప్రతి వీధిలోను కలరు. అందుచేతనే కాబోలు, ఏ యువకుడు ఆటలో రాణించును, ఎవడు రాణింపడు అని ముందుగా నిర్ణయించి చెప్పు నిపుణులకు నేడు గొప్ప గిరాకి యేర్పడినది. వారి మాటను ఎంతవరకు నమ్మవచ్చును? ఈ ప్రశ్నకు విదేశముల అనుభవము కొంత సమాధానమిచ్చును. మిగిలినది మన హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్రలోనే కలదు.

అమెరికాలో ఫుట్‌బాల్ అనబడునది బంతిని చేతపట్టి పరుగెత్తు ఆట. అచ్చట కళాశాలలనుండి వచ్చు క్రీడాకారులను జట్లవారు వంతుల ప్రకారము ఎన్నుకొందురు. దానికి డ్రాఫ్టు అని పేరు. మొదటి డ్రాఫ్టు 1936లో జరిగెను. అందరికంటె ముందుగా ఎన్నికైన జే బెర్వాంగర్ వృత్తి క్రీడాకారుడుగా ఒక్క ఆటయైనను ఆడలేదు. 2000 సంవత్సరమున టామ్ బ్రేడీ అను యువకుడు 199వ వాడుగా ఎన్నికయ్యెను. అంతకుముందు 198 పర్యాయములు జట్లవారు అతనిని కాదని వేరొకరిని ఎన్నుకొనిరి. అతడే తరువాత ఏడు సూపర్ బౌల్ విజయములలో పాలుపంచుకొనెను.

కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ అను పండితులు ఈ డ్రాఫ్టుల లెక్కలను పరిశీలించి 2013లో ఒక వ్యాసమును ప్రకటించిరి. వారు తేల్చినది విచిత్రమైన సంగతి. ముందు వంతులలో ఎన్నికైనవారు చివరివారికంటె సగటున మేలుగానే ఆడుదురు. కాని ఒకే స్థానమున ఆడు ఇద్దరు వరుసగా ఎన్నికైనప్పుడు, మొదటివాడు రెండవవానిని మించుట సగముపాళ్లకు కొంచెము మాత్రమే ఎక్కువ. అనగా నిపుణుని దృష్టి చేటవంటిది. తాలును వేరు చేయగలదు గాని, మిగిలిన గింజలలో ఏది ఏపుగా మొలకెత్తునో చెప్పజాలదు.

మన దేశమున 2014లో ఆరంభమైన ఇండియన్ సూపర్ లీగు కూడ ఇట్టి డ్రాఫ్టును నడపినది. 2017 జూలై 23న ముంబయిలో జరిగిన డ్రాఫ్టులో అనస్ ఎడతొడిక, యూజీన్‌సన్ లింగ్డో అను ఇరువురి వెల అందరికంటె ఎక్కువ. ఒక్కొక్కరికి ఒక కోటి పది లక్షల రూపాయలు. లింగ్డోను తీసుకొన్న కలకత్తా జట్టు అంతకు ముందరి పోటీలో విజేత. అట్టి జట్టు ఆ సంవత్సరము పదింటిలో తొమ్మిదవ స్థానమునకు దిగజారెను. దోషము ఆ క్రీడాకారునిది కాదు. ఒక మనిషి వెల తెలిసినంతమాత్రాన జట్టు విధి తెలియదని మాత్రమే దీని భావము.

ఇక హైదరాబాదు మాట. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతముల రూపమే మారిపోయినది. 2002 జాతీయ క్రీడల కొరకు గచ్చిబౌలిలో నిర్మించిన స్టేడియమునకు లోక్‌సభ స్పీకరుగా నుండి ఆ యేటనే దుర్మరణము చెందిన బాలయోగిగారి పేరు పెట్టిరి. చుట్టును కంప్యూటరు కార్యాలయములే. అంకెలనుబట్టి రేపటిని అంచనా కట్టుట అచ్చటివారికి నిత్యకృత్యము. అట్టి చోట 2019లో వెలసిన హైదరాబాద్ ఎఫ్.సి. జట్టు అంచనాలన్నిటిని ఎట్లు తలక్రిందులు చేసెనో చూడదగినది.

తొలి సంవత్సరమున 18 ఆటలలో రెండే గెలిచి, పది జట్లలో కడపట నిలిచెను. స్పెయిను దేశీయుడు మనోలో మార్కెజ్ శిక్షకుడుగా వచ్చిన పిమ్మట మరుసటి యేట అయిదవ స్థానము దక్కెను. ఆపై 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి విజేత అయ్యెను. ఆ పోటీలో 18 గోల్స్ చేసిన ఒగ్బెచె వయస్సు 37 ఏండ్లు. నాడు మూడు పెనాల్టీలను ఆపిన గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి, కడపట నిలిచిన తొలి జట్టులోని వాడే. అంటువ్యాధి కారణమున ఆటలన్నియు గోవాలోనే జరుగుటచే, జట్టు విజయయాత్రలోని ఒక్క ఆటయైనను గచ్చిబౌలి ప్రేక్షకుల కంటబడలేదు.

రెండేండ్లు గడచినవి. మార్కెజ్ వెడలిపోయెను. జట్టు ధనముకొరతలో పడి, 2023-24లో 22 ఆటలలో ఒక్కటే గెలిచి మరల కడపటికి చేరెను. 2025లో ఢిల్లీకి తరలి పేరే మార్చుకొనెను. ఆ మార్కెజే భారతజట్టు శిక్షకుడై 2024 సెప్టెంబరులో అదే గచ్చిబౌలి మైదానమునకు తిరిగివచ్చినప్పుడు, మారిషస్‌తో సమముగా ముగించి, సిరియా చేతిలో మూడు గోల్స్ తేడాతో ఓడవలసివచ్చెను. మనిషి వాడే, మైదానము నాటిదే. చుట్టునున్న పరిస్థితులు మాత్రము వేరు.

ఈ నగరముననే పూర్వము వేరొక పద్ధతి ఉండెడిది. బడిపంతులుగా నుండి శిక్షకుడైన సయ్యద్ అబ్దుల్ రహీం గారి చేతిలో హైదరాబాదు పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదు పర్యాయములు రోవర్స్ కప్పు గెలిచెను. బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలెనను నియమముతో ఆయన పోటీలు పెట్టెడివారు. ఆటగానిలో ఏమి లోపమున్నదో చెప్పి ఊరకుండక, ఆ లోపమునకే సాధన కల్పించుట ఆయన మార్గము. అమ్ముగూడలోని పేద కుటుంబమున పుట్టిన తులసీదాస్ బలరాం ఆయన దృష్టిలో పడి, ఇరువదేండ్ల వయసున 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సుకు వెళ్లెను. భారతదేశము నాడు నాలుగవ స్థానము పొందెను.

1962 జకార్తా ఏషియా క్రీడలలో మనవారు మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో ఓడిరి. రక్షకుడైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడెను. ఆ సమయమున జోస్యమడిగిన ఎవరైనను స్వర్ణమును ఊహించియుండరు. రహీం గారు జర్నైల్‌ను ముందువరుసకు మార్చిరి. అతడు సెమీఫైనలులోను, ఫైనలులోను గోలు చేసెను. సెప్టెంబరు 4న అదే కొరియాను 2-1తో ఓడించి భారతదేశము స్వర్ణము గెలిచెను. కాన్సరుతో బాధపడుచునే జట్టును నడిపిన రహీం గారు మరుసటి జూన్‌లో కన్నుమూసిరి. నాటినుండి నేటివరకు ఏషియా క్రీడలలో ఫుట్‌బాల్ స్వర్ణము మనకు మరల దక్కలేదు.

దీనినిబట్టి మేము చెప్పదలచినది ఒక్కటే. నిపుణులు అబద్ధమాడుచున్నారని మా భావము కాదు. వారు విత్తనమును చూచుచున్నారు, పడబోవు నేలను చూడజాలరు. ఆటగాని భవిష్యత్తు అతని దేహములో వ్రాసియున్న లిపి కాదు. ఎన్నికైన పిమ్మట గురువు, తోడివారు, కూడు, వైద్యము, కొంత అదృష్టము కలిసి దానిని వ్రాయును. పైగా ఫలించిన జోస్యమును పదిమార్లు చెప్పుకొందుము గాని, తప్పిన జోస్యమును ఎవ్వరును లెక్కింపరు. లెక్క వ్రాయని వర్తకునికి నష్టమెట్లు తెలియును?

వినోదమునకు జోస్యము వినుటలో తప్పు లేదు. కాని పదునాలుగేండ్ల బాలుని పట్టుకొని వీడు పనికిరాడని ఒక్కనాటి పరీక్షతో త్రోసివేసినచో, ఆ జోస్యము తనంతట తానే నిజమగును. మరునాడు వానికి బంతి నిచ్చువాడుండడు. అప్పుడు మన మాట నెగ్గును, మైదానము ఓడిపోవును. మా వాడలలోని వ్యాయామోపాధ్యాయులకును, తలిదండ్రులకును మా మనవి యిది: పిల్లవాడు ఏమి కాగలడని అడుగుటకు ముందు, వానికి మనమేమి చేసితిమని అడుగుకొందము.