మెదక్: కోట, కాలువ, కరువు చర్చి

మంజీరా పరీవాహక ప్రాంతంలో, చెరువుల నడుమ వెలసిన మెదక్ పట్టణం పేరు చెప్పగానే ఎవరికైనా మొదట గుర్తుకు వచ్చేది అక్కడి చర్చే అయినప్పటికీ, ఆ చర్చి చరిత్రను వానమీద ఆధారపడిన ఈ నేల చరిత్ర నుంచి విడదీసి చెప్పడం కుదరదు. కాకతీయుల కాలం నాటిదిగా భావించే కొండకోటే ఇందుకు తొలి సాక్ష్యం. ప్రథమ ద్వారం, సింహ ద్వారం, గజ ద్వారం దాటి పైకెక్కినవారికి కుతుబ్‌షాహీల కాలపు మసీదుతో పాటు ధాన్యం నిల్వచేసిన గాదెల శిథిలాలు కూడా కనిపిస్తాయి. ముట్టడిని తట్టుకోవడానికి బురుజు ఎంత అవసరమో గాదె కూడా అంతే అవసరమన్నది కోటను ఏలినవారు ఎరిగిన సత్యం.

నిజాంల పాలనలో ఈ జాగ్రత్త నీటివైపు మళ్లింది. 1905లో మంజీరాపై కట్టిన ఘనపురం ఆనకట్ట, అంటే నదిమట్టాన్ని పెంచి నీటిని పక్కకు మళ్లించే అడ్డుకట్ట, మహబూబ్ నహర్, ఫతే నహర్ అనే రెండు కాలువలకు నీరిచ్చింది. సమీపంలోని పోచారం జలాశయం పనులు 1916లో మొదలై 1922లో ముగిశాయి.

ఇంచుమించు ఆ సంవత్సరాలలోనే చర్చి కూడా లేచింది. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ 1914లో దీని నిర్మాణాన్ని ఆరంభించే నాటికి ఈ సీమను కరువు పట్టి పీడిస్తుండగా, ఆయన కరువు పని పద్ధతిని, అనగా పంటపోయిన ఏట కూలీలకు తిండిగింజలు ఇచ్చి చెరువో బాటో కట్టించే ఏర్పాటును, ఆరాధనా మందిరానికి వర్తింపజేశాడు. పదేళ్లు సాగిన పనికి 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. కోసుగా తేలే కమానులతో కూడిన గోథిక్ శైలిలో కట్టిన ఈ భవనం పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురం ఎత్తు సుమారు 173 అడుగులు. చార్మినార్‌ను మించి కట్టరాదని నిజాం అడ్డుపడ్డాడనే కథ జనం నోట బాగా నానింది కాని, ఆ చార్మినార్ ఎత్తు సుమారు 160 అడుగులే అయినందున, అది నిజమైతే ఆజ్ఞ అమలు కాలేదనే అనుకోవాలి.

లోపల అన్నిటికన్నా నిలిచి చూడవలసినవి ఆంగ్ల చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపకల్పన చేసిన మూడు వర్ణగాజు కిటికీలు. క్రీస్తు జననం, శిలువ, ఆరోహణ ఘట్టాలను చూపే ఈ కిటికీలు రంగుగాజు ముక్కలను సీసపు పట్టీలతో అతికించి చేసినవి. బయటినుంచి చూస్తే మసిబారిన పలకల్లా కనిపించే ఇవే, ఎండ వెనుకనుంచి పడ్డప్పుడు లోపలివారికి నీలంగా, ఎర్రగా వెలుగుతాయి. పొద్దు వాలితే బొమ్మ ఆనవాలు కూడా తెలియదు.

ఈ చర్చిని కెథడ్రల్ అని కూడా అంటారు; కెథడ్రల్ అంటే బిషప్ పీఠం ఉన్న చర్చి. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి మెదక్ అధ్యక్ష మండలం, అంటే బిషప్ పరిధిలోని ప్రాంతం, వెలసిన తరువాతనే ఈ మందిరానికి ఆ హోదా దక్కింది. పాస్నెట్ దయాగుణాన్ని కీర్తించే రచనలు చాలానే ఉన్నాయి గాని, గింజల కోసం రాళ్లు మోసినవారి పేర్లు చరిత్రకెక్కలేదు. క్రిస్మస్‌కు వేలాదిగా తరలివచ్చే యాత్రికులు, కిటికీలను పగటివేళ చూసుకుని, తిరుగుదారిలో ఘనపురం ఆనకట్ట వద్ద కూడా కాసేపు ఆగితే ఈ ఊరిని సగం కాక పూర్తిగా చూసినవారవుతారు.