నోటిమాట మీద మారిన గదులు: బీడీడీ చాళ్లలో మన అదలాబదలీ

మా ఇంట్లో పాత కాగితాలన్నీ ఒక రేకు పెట్టెలో ఉంటాయి. అందులో కిరాయి పావతుల కట్ట ఒకటుంది. అవి మేము పుట్టి పెరిగిన వర్లీ గదివే, కానీ వాటి మీద ఉన్నది మా తాత పేరు కాదు. ఒక కొంకణి ఆయన పేరు. చిన్నప్పుడు "ఇదేంది బాపమ్మా, మన ఇంటికి వేరేవాళ్ల పేరుంది?" అని అడిగితే, "మనం అదలాబదలీ చేసుకున్నం బిడ్డా" అనేది. అంతకు మించి చెప్పేది కాదు. ఆ ఒక్క మాట వెనక ఎంత కథ ఉందో మాకు చాలా ఏళ్లకు గాని అర్థం కాలేదు.

ముందు చాళ్ల సంగతి చెప్పుకుందాం. తెలంగాణ నుంచి బొంబాయికి మనవాళ్ల వలస చాలా పాతది. కామాఠీపురకు ఆ పేరు వచ్చిందే అక్కడ స్థిరపడ్డ మన కామాఠీల వల్ల. బట్టల గిర్నీలు పెరిగాక నేతపని తెలిసిన పద్మశాలీలు పెద్ద సంఖ్యలో వచ్చారు. ఊరు నిండింది, ఉండటానికి చోటు లేదు. 1920లో గవర్నర్ జార్జ్ లాయిడ్ కాలంలో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ పెట్టి, కార్మికులకు 50 వేల గదులు కట్టాలనుకున్నారు. చివరికి కట్టింది 16 వేల పైచిలుకే. వర్లీ, నాయగావ్, డిలైల్ రోడ్, శివ్డీ, ఈ నాలుగు చోట్లా కలిపి 207 చాళ్లు. ఒక్కో చాళ్‌లో కింది అంతస్తుతో కలిపి నాలుగు అంతస్తులు, అంతస్తుకు 20 గదులు. గది సుమారు 160 చదరపు అడుగులు. నీళ్లూ, పాయఖానాలూ అందరికీ ఉమ్మడే.

మొదట్లో ఆ కిరాయి కట్టలేక కార్మికులు రాలేదు. చాలా గదులు ఖాళీగా పడి ఉండేవి. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో వర్లీ చాళ్లను సర్కారు తాత్కాలిక జైలుగా కూడా వాడుకుంది. తర్వాత తర్వాత జనం నిండారు. మన ముత్తాత కరీంనగర్ వైపు నుంచి వచ్చేనాటికి గది దొరకడమే గొప్ప.

మా తాతకు దొరికింది నాయగావ్‌లో, మూడో అంతస్తులో. ఆయన పనిచేసే గిర్నీ వర్లీలో. రాత్రిపాళీ అయ్యాక అక్కడినుంచి నడిచి వచ్చి మెట్లెక్కేవాడు. ముత్తవ్వకు మోకాళ్ల నొప్పులు, ఒకసారి కిందికి దిగితే మళ్లీ ఎక్కడం కష్టం. పైగా మన చుట్టాలందరూ వర్లీలోనే. పెళ్లయినా, పురుడైనా అక్కడికే పోవాలి. అదే రోజుల్లో వర్లీలో కింది అంతస్తులో ఉన్న కొంకణి కుటుంబాయన దాదర్ వైపు గిర్నీలో పనిచేసేవాడు. ఆయన అన్నదమ్ములు నాయగావ్‌లో ఉండేవారు. ఇద్దరికీ తెలిసిన ఒక జాబర్ వాళ్లను కలిపాడు.

1964లో ఒక ఆదివారం రెండు చేతిబండ్లు కదిలాయి. మన సామాను అటునుంచి ఇటు, వాళ్ల సామాను ఇటునుంచి అటు. నలుగురు పెద్దమనుషుల ముందు ఒక కాగితం రాసుకున్నారు. పైన ఒక్క పైసా ఇచ్చిపుచ్చుకోలేదు. బాపమ్మ ఆ ఇంటావిడకు నేతచీర పెట్టింది, ఆవిడ కొబ్బరికాయలు పంపింది. సాయంత్రానికి రెండిళ్లల్లోనూ పొయ్యి వెలిగింది.

అయితే చట్టం మాటేమిటి? ప్రైవేటు చాళ్లలో 1947 నాటి బాంబే కిరాయి చట్టం ఉండేది. కిరాయిదారు తన హక్కును ఇష్టం వచ్చినవాళ్లకు మార్చకూడదు, పగ్డీ తీసుకోవడం నేరం. అయినా ఊరంతా పగ్డీ నడిచింది. 1999 చట్టం వచ్చాక గాని దానికి చట్టబద్ధత రాలేదు. బీడీడీ చాళ్లు సర్కారువి కాబట్టి ఆ కిరాయి చట్టం వాటికి వర్తించదు. అక్కడ సర్కారు అనుమతే ముఖ్యం. మా తాత అనుమతి అడగలేదు. అడిగితే రెండు గదులూ పోతాయేమోనని భయం. అందుకే పావతి మీద పేర్లు మారలేదు. వాళ్ల పేరు మీద మేము, మా పేరు మీద వాళ్లు ఏళ్ల తరబడి కిరాయి కట్టాం.

దీన్ని కాపాడింది చట్టం కాదు. మా గది వాళ్ల పేరు మీద, వాళ్ల గది మా పేరు మీద ఉండటమే కాపాడింది. ఒకరు మాట తప్పితే రెండోవాళ్లూ తప్పొచ్చు. ఈ భయానికి తోడు స్నేహం కూడా పెరిగింది. ప్రతి గణపతి పండుగకు మేము నాయగావ్ పోయేవాళ్లం, దసరాకు వాళ్లు వచ్చి మా బతుకమ్మ చూసేవాళ్లు.

ఇదే పని ఇంగ్లండులో హక్కుగా ఉంది. కౌన్సిల్ ఇళ్లలో ఉండే కిరాయిదారులు ఒకరితో ఒకరు ఇళ్లు మార్చుకోవచ్చని 1985 హౌసింగ్ చట్టం చెప్పింది. దరఖాస్తు పెడితే కౌన్సిల్ 42 రోజుల్లో జవాబివ్వాలి. చట్టంలో రాసిన కారణాలుంటే తప్ప కాదనకూడదు. అక్కడ ఉంటున్న మా చుట్టాల పిల్ల ఈ సంగతి చెప్తే, "మీ ముత్తాతకు ఆ 42 రోజులే దొరికుంటే ఎంత బాగుండేది" అన్నాం.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. అదలాబదలీ అంతా పని దగ్గర, చుట్టాల దగ్గర అనే కారణాలతోనే జరగలేదు. పక్క గదిలో దళిత కుటుంబం ఉందని గది మార్చుకున్నవాళ్లూ ఉన్నారు, మనవాళ్లలో కూడా. ఆఫీసు కలిపి ఇచ్చిన గదులను జనం కులాల వారీగా విడదీసుకున్నారు. 1974లో వర్లీ చాళ్లలో దళితులకూ సవర్ణులకూ మధ్య అల్లర్లు జరిగినప్పుడు ఆ గీతలు ఎంత లోతుగా ఉన్నాయో తెలిసింది. మన వాడకట్టు ఎలా తయారైందో చెప్పుకునేటప్పుడు ఇదీ చెప్పుకోవాలి.

చాళ్లు పడగొట్టి పెద్ద బిల్డింగులు కడతామని, గదికి బదులు 500 చదరపు అడుగుల ఫ్లాటు ఉచితంగా ఇస్తామని సర్కారు చెప్పినప్పుడు మాకు సంతోషం కంటే గుబులే ఎక్కువైంది. సర్వేకు వచ్చినవాళ్లు పావతి అడిగారు. పేరు ఆయనది, ఆయన పోయి చాలా ఏళ్లయింది. మా తాతా లేడు. 160 అడుగుల గది అయితే ఎవరూ పట్టించుకోరు, కోట్ల విలువ చేసే ఫ్లాటు ముందు పాత మాట నిలుస్తుందా?

నాయగావ్‌లో వాళ్లకూ అదే గుబులు. ఫోను చేయాలా వద్దా అని బాపు రెండు రోజులు ఆలోచించాడు. మూడో రోజు వాళ్ల పెద్దబ్బాయే వచ్చాడు. చేతిలో 1964 నాటి కాగితం, వాళ్ల దగ్గరున్న ప్రతి. "మా బాబా చెప్పి పోయారు, ఇది మీ ఇల్లు" అన్నాడు. రెండిళ్లవాళ్లం కలిసి అఫిడవిట్లు ఇచ్చాం. పాత రేషన్ కార్డులు, ఓటరు జాబితా, లైటు బిల్లులు జతచేశాం. ఏడాదికి పైగా తిరిగాక రెండు ఫైళ్లూ తేలాయి.

వర్లీలో మొదటి 556 ఫ్లాట్ల తాళాలు 2025 ఆగస్టులో ఇచ్చారు. మా వంతు ఇంకా రాలేదు. ఏ అంతస్తు అనేది లాటరీ చెప్తుంది. పక్కింట్లో ఎవరొస్తారో ఈసారి మన చేతిలో లేదు.

సోలాపూర్, భివండీ, పుణె, ఎక్కడున్నా మీ ఇంట్లోనూ ఇలాంటి రేకు పెట్టె ఉండే ఉంటుంది. ఒకసారి తీసి, పావతి మీద ఎవరి పేరుందో చూడండి. వేరేవాళ్ల పేరుంటే, ఆ కథ తెలిసిన పెద్దవాళ్లు ఉండగానే రాసి పెట్టుకోండి. ఆ రెండో ఇంటివాళ్లను కూడా ఒకసారి పోయి పలకరించి రండి.