స్వరముల నిచ్చెన

బాలల కార్యక్రమమునకు వచ్చు పసిపిల్లలచే పాడించుట మా వృత్తిలో నొక భాగము. ఒకనాడు ఏడెనిమిదేండ్ల బాలిక చక్కగా పాడుచు, క్రింది స్వరములకు దిగగానే గొంతు పెగలక ఆగిపోయి, బిక్కమొగముతో మావంక చూచెను. తప్పు ఆమెది కాదు. శ్రుతిపెట్టెను మా గొంతులకు సరిపోవు శ్రుతిలో నుంచితిమి. శ్రుతి పెంచగనే ఆ పాటనే ఆమె హాయిగా ముగించెను. షడ్జము బిడ్డ గొంతు ననుసరించవలెనా, బిడ్డ గొంతు షడ్జము ననుసరించవలెనా? ఈ ప్రశ్నయే ఒకప్పుడు ఇంగ్లండు పాఠశాలలలో పెద్ద వివాదమునకు కారణమైనది.

పందొమ్మిదవ శతాబ్ది తొలిభాగమున నార్విచ్ నగరమున సారా గ్లోవర్ అను వనిత యుండెను. ఆమె క్రైస్తవ మతాచార్యుని కుమార్తె. ఐదు గీతలమీద చుక్కలతో వ్రాయు పాశ్చాత్య స్వరలిపి పసివారికి కొరుకుడు పడకుండుట ఆమె గమనించెను. అందుచే దో, రే, మీ మొదలగు స్వరముల పేర్లను నిచ్చెన మెట్లవలె ఒక పటముమీద వ్రాసి గోడకు తగిలించి, బెత్తముతో ఒక్కొక్క మెట్టు చూపుచు పాడించెను. ‘దో’ను ఏ శ్రుతిలోనైన నిలుపవచ్చును, మెట్ల నడిమి దూరములు మాత్రము మారవు. స్వరములను వాని తొలి అక్షరములతోనే వ్రాసెను. ‘సోల్’, ‘సీ’ అను రెండింటికిని ఆంగ్లమున తొలి అక్షర మొకటే యగుటచే, రెండవదానిని ‘తే’గా మార్చెను. ఈ పద్ధతిని వివరించు ఆమె గ్రంథము 1835లో వెలువడినది.

1841లో జాన్ కర్వెన్ అను యువ మతబోధకునికి, పిల్లలకు సులువుగా పాట నేర్పు మార్గమును వెదకు పని అప్పగింపబడెను. ఆయన గ్లోవర్ పద్ధతిని గైకొని, ఆమె అనుమతి పొందకయే మార్పులు చేసి దేశమంతట వ్యాపింపజేసెను. తన ఋణమును ఆయన దాచలేదు. అయినను కీర్తిలో పెద్దపాలు ఆయనకే దక్కినది. ఒక్కొక్క స్వరమునకు ఒక్కొక్క హస్తసంజ్ఞను 1870లో ఏర్పరచినదియు ఆయనయే.

ప్రభుత్వాదరము మాత్రము తొలుత వేరొక పద్ధతికి లభించెను. 1841లో జాన్ హల్లా ఉపాధ్యాయులకై లండనులో తరగతులు ప్రారంభించెను. ఆయన పద్ధతిలో ‘దో’ ఒకేచోట స్థిరముగా నుండును. తొలిపాఠములు సాఫీగానే సాగినవి కాని, శ్రుతి మారగనే పిల్లలు తడబడిరి. తుదకు 1882 నాటి విద్యానిబంధనలు పాటకు వెల కట్టినవి: వినికిడిచే మాత్రమే పాడించు పాఠశాలకు విద్యార్థి యొక్కరికి 6 పెన్నీలు, స్వరము చదివి పాడించుదానికి ఒక షిల్లింగు, అనగా 12 పెన్నీలు. వాద్యము కొనలేని పేదబిడ్డ సయితము స్వరలిపి చదువగలడని ప్రభుత్వ మంగీకరించుటయే ఇందలి విశేషము.

ఈ విత్తనము హంగరీలో మహావృక్షమైనది. స్వరకర్త జొల్తాన్ కొదాయ్ 1905 నుండి పల్లెలు తిరిగి జానపద గేయములు సేకరించెను. బిడ్డకు మాతృభాషవలెనే తన జాతి పాటయు ముందుగా అబ్బవలెనని ఆయన తలంపు. ఇంగ్లండు నుండి కదలు ‘దో’ను, కర్వెన్ హస్తసంజ్ఞలను గ్రహించి, వానిని తమ పల్లెపాటలకు జోడించెను. 1950లో ఆయన జన్మస్థలమగు కెచ్‌కెమేత్‌లో, ప్రతిదినము సంగీతపాఠముండు ప్రాథమిక పాఠశాల వెలసినది. జానపద సంగీతమును కాపాడిన ఉత్తమ విధానములలో నొకటిగా ఈ మార్గమును 2016లో యునెస్కో పరిగణించినది.

ఇదంతయు విన్న మనకు ఒక సంగతి స్ఫురింపకపోదు. షడ్జమును గొంతునుబట్టి నిలుపుట మన సంగీతమునకు పుట్టుకతో వచ్చిన గుణము. స, రి, గ, మ, ప, ద, ని అను ఏడక్షరములలో ఒకదానితో నొకటి చిక్కుపడునది లేదు. సరళీస్వరములు, జంటస్వరములు అను మెట్లను పురందరదాసు (1484–1564) ఏర్పరచెనని సంప్రదాయము చెప్పుచున్నది. నిచ్చెన మన యింటనే కలదు. అది సంగీతము నేర్చు కొద్దిమంది యిండ్ల గోడకే ఆనియున్నది. తరగతిగది గోడకు చేరవలసియున్నది.

ఆ బాలిక వచ్చిన నాటినుండి మేమొక నియమము పాటించుచున్నాము. పిల్లలు రాగానే మొదట వారి గొంతు విందుము. ఆ తరువాతనే శ్రుతిపెట్టె తెరతుము.